మూడు పిత్తాశయాల నూకరత్నం

ఆ ఏడాదిని ప్రభుత్వం 'సంపూర్ణ దేహ సంవత్సరం'గా ప్రకటించిన సంగతి ముమ్మిడి నూకరత్నానికి తెలియదు. తాలూకా కోర్టు గోడవారన పెసరట్ల బండి పెట్టుకుని, ప్లీడర్లకీ ముద్దాయిలకీ ఒకే పెనం మీద అట్లు పోసే మనిషికి అలాంటివి ఎవరు చెబుతారు? ఆమెకు నలభై నాలుగేళ్లు. పిండి గిన్నె ఒంటిచేత్తో ఎత్తగలదు. నోరు కూడా ఆ చేతికి తగ్గదే. మొగుడు గంగరాజు మాత్రం ఎవరేమన్నా "ఆయ్" అనే మనిషి.

ఒకరోజు మధ్యాహ్నం కోర్టు భోజనాల వేళ ఆమెకు రొమ్ము కింద, సరిగ్గా నడుమన, గునపం దించినట్టు నొప్పి లేచింది. అది అక్కడితో ఆగక వీపులోకి దూసుకుపోయింది. ముందుకు వంగితే కాస్త నయం, లేస్తే ప్రాణం పోతున్నట్టు ఉంది. వాంతులు మొదలయ్యాయి. గంగరాజు పొయ్యి ఆర్పేసి, ఆటోలో పడుకోబెట్టుకుని జిల్లా ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అక్కడ సర్జన్ వసుమతి. సన్నగా, గట్టిగా ఉంటుంది. స్కానింగ్ చూసి, రక్తపరీక్ష చూసి, మంచం అంచున కూర్చుని చెప్పింది.

"లివరు కింద పైత్యం నిలవుండే చిన్న సంచి ఉంటుంది నూకరత్నం. పిత్తాశయం అంటారు. దాన్నిండా రాళ్లున్నాయి నీకు. అందులో ఒకటి జారి కింద గొట్టంలో ఇరుక్కుంది. క్లోమం అనే గ్రంథి దారి కూడా అక్కడికే వస్తుంది. దారి మూసుకుపోయి అది వాచింది. ఈ వాపు నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. కాని సంచి ఉన్నంతకాలం రాళ్లు జారుతూనే ఉంటాయి. ఇంటికి వెళ్లేలోపే సంచి తీసేద్దాం."

"అది లేకపోతే అన్నం అరుగుద్దాండి?"

"అరుగుతుంది. పైత్యం లివరు నుంచి నేరుగా దిగుతుంది."

"అయితే తీసెయ్యండమ్మా. రాళ్లు దాసుకునే సంచి నాకెందుకండి?"

గురువారం పొద్దున్న ఆమెను ఆకుపచ్చ గౌనుతో ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా తోసుకొచ్చారు. బండి చక్రం గడప దాటుతుండగా సూపరింటెండెంట్ పరాంకుశం గారు చేతిలో కాగితంతో ఎదురొచ్చారు. వెనకాల గుమస్తా, ఆ వెనక ఫొటోగ్రాఫర్.

"ఆపండి. అమ్మా, నువ్వు అదృష్టవంతురాలివి. నీ అవయవాన్ని ప్రభుత్వం కాపాడింది!" అన్నారాయన.

ఆ కాగితం పుట్టుక గురించి చెప్పాలి. రాజధానిలో ఎనభై తొమ్మిదేళ్ల విశ్రాంత ఉన్నతాధికారి ఒకాయనకు సరిగ్గా ఇదే జబ్బు చేసింది. ఆయన గుండె మత్తుమందుకు తట్టుకోదని డాక్టర్లు భయపడ్డారు. అందుకని సంచి జోలికి పోకుండా, నోట్లోంచి గొట్టం పంపి, పైత్యం దిగే దారి మూతిని కాస్త వెడల్పు చేసి పంపించారు. ఇకమీద రాయి జారినా ఇరుక్కోకుండా దిగిపోతుందని వారి లెక్క. కోతకు తట్టుకోలేని మనిషికి అది మంచి వైద్యమే. ఆయన కోలుకుని, 'నా పిత్తాశయం నాతోనే' అని ఒక పత్రికలో వ్యాసం రాశాడు. శాఖలో అందరూ చదివారు. అంత ముసలాయనకే అక్కర్లేని కోత వయసులో ఉన్నవాళ్లకెందుకని ఒక సమావేశంలో ఎవరో అడిగారు. ముసలాయన కాబట్టే కొయ్యలేదని చెప్పగలవాళ్లు ఆ సమావేశంలో లేరు, వైద్యుల్ని పిలవలేదు. నెల తిరక్కుండా 'వచ్చినంత పంపుదాం' అనే ఉద్యమం లేచింది. రోగి ఎన్ని అవయవాలతో ఆస్పత్రికి వచ్చాడో అన్ని అవయవాలతోనే వెళ్లాలి. దారి వెడల్పు చేసే యంత్రం రాష్ట్రం మొత్తానికి రాజధానిలో ఒక్కటే ఉంది. కాబట్టి యంత్రాన్ని అక్కడే ఉంచుకుని, జిల్లాలకు ఆశయాన్ని మాత్రం పంపారు.

"సార్, రాళ్లు లోపలే ఉన్నాయి. ఇవాళ తీయకపోతే నెలకో రెండు నెలలకో మళ్లీ వస్తుంది. మళ్లీ వస్తే ఇంత తేలిగ్గా పోతుందని చెప్పలేం," అంది వసుమతి.

"మళ్లీ రాకుండా చూడమనే కదమ్మా ఉత్తర్వు! 'తొలగింపు లేకుండా పునరావృత నివారణ' అని స్పష్టంగా ఉంది."

"ఎలా నివారించాలి?"

"ఆ విధివిధానాలు అనుబంధం 'బి'లో పొందుపరచబడినవి."

"అనుబంధం ఎక్కడ?"

"రావలసి ఉన్నది."

నూకరత్నం బండి మీద పడుకుని ఒకసారి ఈయన్నీ ఒకసారి ఆమెనీ చూసింది. ఫొటో తీశారు. బండి వెనక్కి తిప్పారు.

అనుబంధం 'బి' పదిరోజులకు వచ్చింది. అది ఒక తరగతి. ప్రతి సోమవారం పదిన్నరకు ఆస్పత్రి మీటింగు హాల్లో జరిగే ఆ తరగతికి లబ్ధిదారులు రావాలి. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లను ఇప్పుడు రోగులు అనకూడదు, లబ్ధిదారులు అనాలి. పాఠం చెప్పేది జిల్లా పరిరక్షణాధికారి. మొన్నటిదాకా ఆయన చేపల చెరువుల శాఖలో ఉండేవాడు.

"పిత్తాశయము ప్రకృతి మనకు ప్రసాదించిన అమూల్య సంపద. రాళ్లను మనము శత్రువులుగా భావించరాదు. అవి స్థిరత్వమునకు సంకేతములు. వాటిని కదల్చకుండుటయే మన కర్తవ్యము. వేగముగా నడవరాదు. కోపగించరాదు. గతుకుల రోడ్డుపై ప్రయాణించవలసి వచ్చినచో కుడిచేతిని డొక్కపై ఉంచి ఆశ్వాసించవలెను," అని చెప్పాడు.

నూకరత్నం లేచి నిలబడింది. "అయ్యగారూ, ఎంత జాగర్తగా ఉన్నా రాయి జారితే ఏం చెయ్యాలండి?"

"జారనివ్వరాదు."

"అది నా మాట వింటదాండి?"

"అందుకొరకే ప్రతిజ్ఞ," అని అందరినీ నిలబెట్టి, కుడి డొక్క మీద చెయ్యి వేయించి ప్రతిజ్ఞ చేయించాడు.

పక్కన కూర్చున్నాయన పొట్ట ఊగేలా నవ్వాడు. ఆయన పేరు కొల్లి అబ్బులు. లాంచీ నడిపే సరంగుగా ముప్ఫయ్యేళ్లు గోదావరి మీద తిరిగి ఈమధ్యే మానుకున్నవాడు. "చెల్లెమ్మా, ముప్ఫయ్యేళ్లు ఏట్లో రాళ్లు తప్పించాను. కడుపులోయి ఎలా తప్పించాలో తెలీట్లేదు," అన్నాడు. అలా నాలుగు సోమవారాలు ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తరగతి కాగానే నూకరత్నం తెచ్చిన నూనెలేని ఇడ్లీలు అబ్బులూ, అబ్బులు చెప్పే వరదల కబుర్లు నూకరత్నమూ పంచుకునేవాళ్లు.

అయిదో సోమవారం నూకరత్నం తరగతికి వెళ్లలేదు, ఆదివారమే ఆస్పత్రికి వెళ్లింది. అదే గునపం, అదే చోట దిగింది. ఈసారి ఇంకా లోతుగా దిగింది. క్యాజువాలిటీ గుమస్తా కంప్యూటరు ముందు కూర్చుని అడిగాడు.

"ఇంతకుముందు ఎప్పుడైనా ఈ జబ్బు వచ్చిందా?"

"వచ్చిందండి. మొన్న శివరాత్రి ముందు. ఇక్కడే ఉన్నానండి."

"అయితే రాయడం కుదరదమ్మా. 'మళ్లీ వచ్చినవారు' అన్న గడి తీసేశారు."

"ఎందుకు తీశారండి?"

"పునరావృతం నివారించాక ఇంక గడెందుకు?"

నూకరత్నం బల్ల పట్టుకుని వంగిపోయింది. గంగరాజు సూపరింటెండెంటు గదికి పరిగెత్తాడు. పరాంకుశం గారు స్వయంగా వచ్చారు. మనిషి చెడ్డవాడు కాడు, కింది ఉద్యోగం నుంచి పైకి వచ్చినవాడు, పైవాళ్లు చెప్పింది అక్షరం తప్పకుండా చేసినవాడు.

"చూడు తల్లీ. జిల్లాలో పునరావృతం నివారించబడినదని మొన్ననే నివేదిక పంపాను. నివారించబడినది సంభవించుట అసంభవము. కాబట్టి నీకు వచ్చింది మళ్లీ వచ్చినది కాదు. మొదటిసారి వచ్చినది."

"మొదటిసారి వచ్చింది మరి ఎవరికండి?"

"ఇంకొకామెకు."

అలా ఆమెను 'నూకరత్నమ్మ, కొత్త రోగి' అని రాసి చేర్చుకున్నారు. గంగరాజు చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. సెలైను ఎక్కుతుండగా ఆమె మొగుడిని అడిగింది.

"ఏమని సంతకం పెట్టావు?"

"నువ్వు ఇదివరకు లేవని."

"పెట్టేశావా?"

"ఆయ్."

వసుమతి మర్నాడు సూపరింటెండెంట్ గదిలో కూర్చుని లేవలేదు. ఉత్తర్వు మొత్తం చదివి, అందులో ఒక సందు పట్టుకుంది. రెండోసారి వస్తే ఆపరేషన్ సంగతి పరిశీలించవచ్చునని పద్దెనిమిదో పేరాలో ఉంది.

"ఉంది. మొదటిసారికి తరగతి, రెండోసారికి పరిశీలన. ఎవరికైనా రెండోసారి వస్తే నేనే దగ్గరుండి పరిశీలన చేయిస్తాను. రావాలి కదమ్మా మరి!" అన్నారు పరాంకుశం గారు.

ఆషాఢంలో నూకరత్నానికి మూడోసారి మొదటిసారి వచ్చింది. 'ఎం. రత్నం' అని రాసుకున్నారు. ఆమెను చేర్చుకున్న మర్నాడే అబ్బులును మోసుకొచ్చారు. ఆయనకు అది రెండోది. కాగితాల మీద అదీ మొదటిదే.

అబ్బులు జబ్బు ముదిరిపోయింది. పొట్ట బిగిసి, మూత్రం ఆగి, ఊపిరి అందడం లేదు. వసుమతి రెండు రోజులు ఇంటికి పోలేదు. నూకరత్నం సెలైను సీసా చేత్తో పట్టుకుని మగాళ్ల వార్డు గుమ్మం దాకా వెళ్లింది. ఆయన కళ్లు తెరిచి, "వచ్చే సోమవారం ఇడ్లీ తే చెల్లెమ్మా," అన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే పోయాడు.

రిజిస్టర్లో ఆయన పేరు ఎదుట గుమస్తా ఇలా రాశాడు. 'మొదటిసారి. తదనంతరం పునరావృతం లేదు.' రాసింది అబద్ధం కాదు. పై ఆఫీసులో దాన్ని చూసి చాలా సంతోషించారు. పిత్తాశయం చెక్కుచెదరలేదు, జబ్బు తిరిగి రాలేదు, ఇక రాదు కూడా. మూడు వారాలకు 'జీవితాంతము పునరావృతము లేని ఆదర్శ లబ్ధిదారు' అని ప్రశంసాపత్రం వచ్చింది. అబ్బులు భార్య మహంకాళమ్మ దాన్ని పట్టుకుని ఆస్పత్రికి వచ్చి, వసుమతి చేతిలో పెట్టి, "ఇదేంటో చదవండమ్మా," అంది. వసుమతి చదవలేకపోయింది. ఆ కాగితం మడత పెట్టి, ఆమె చేతులు పట్టుకుని కూర్చుంది.

భాద్రపదంలో రాజధాని నుంచి తనిఖీ బృందం దిగింది. లబ్ధిదారుల పిత్తాశయాలు యథాస్థానంలో ఉన్నాయో లేవో స్కానింగ్ చేసి లెక్కించడం వాళ్ల పని. దీనికి 'పిత్తాశయ గణన' అని పేరు. జాబితా ప్రకారం పిలుస్తున్నారు.

"ముమ్మిడి నూకరత్నం!"

నూకరత్నం వెళ్లి పడుకుంది. ఒక పిత్తాశయం కనబడింది. నిండా రాళ్లు. టిక్కు పెట్టారు.

"నూకరత్నమ్మ!"

దిగబోతున్న మనిషి మళ్లీ పడుకుంది.

"నువ్వు ఇందాకే వచ్చావు కదా?"

"ఆవిడా నేనేనండి. ఆ తర్వాత రత్నం అని పిలుస్తారు. అదీ నేనే."

తనిఖీ అధికారి కళ్లద్దాలు సవరించుకుని జాబితా చూశాడు. ముగ్గురికీ ఇంటి నంబరు ఒకటే. ముగ్గురికీ భర్త గంగరాజే. గంగరాజును పిలిపించాడు.

"నీకు ముగ్గురు భార్యలా?"

"లేదండి, ఒక్కతేనండి," అన్నాడు గంగరాజు. ఒక క్షణం ఆగి, "ఆవిడే ముగ్గురి పెట్టండి," అన్నాడు. పెళ్లయినప్పటినుంచీ అతను అంత పొడుగు మాట మాట్లాడటం నూకరత్నం వినలేదు.

అధికారి నిబంధనల పుస్తకం తిరగేశాడు. ఒకసారి లెక్కించిన అవయవాన్ని మళ్లీ లెక్కించడం నిబంధనలకు విరుద్ధం. అలా లెక్కపెట్టి కదా వెనక కొన్ని జిల్లాలు దొంగలెక్కలు చూపించాయి! కాబట్టి రెండో లబ్ధిదారు ఎదుట 'మనిషి హాజరు, పిత్తాశయం గైర్హాజరు' అని రాశాడు. మూడో లబ్ధిదారు ఎదుటా అదే రాశాడు.

వారం తిరక్కుండా వసుమతికి మెమో వచ్చింది. 'జిల్లాలో పిత్తాశయములను తొలగించు పరిజ్ఞానము గలవారు తమరొక్కరే అయినందున, నూకరత్నమ్మ, ఎం. రత్నం అను లబ్ధిదారులకు తమరు ఉత్తర్వులను ఉల్లంఘించి శస్త్రచికిత్స జరిపి, రెండు పిత్తాశయములను అక్రమముగా తొలగించినట్లు నిర్ధారణ అయినది. ఏడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

ఆమె మెమో తీసుకుని పరాంకుశం గారి దగ్గరికి వెళ్లింది.

"సార్, ఉన్నది ఒక మనిషి. ఆమెకు మూడుసార్లు జబ్బు వచ్చింది. ఆ ఒక్క ముక్క మీరు రాస్తే చాలు, రెండు పిత్తాశయాలూ దొరికినట్టే."

పరాంకుశం గారి మొహం పాలిపోయింది. "అలా రాస్తే జిల్లాలో పునరావృతం ఉన్నట్టవుతుంది కదమ్మా?"

"రాయకపోతే నేను దొంగనవుతాను."

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. పునరావృతం ఉందంటే పోయేది జిల్లా పేరు, తన పేరు, ఇన్నాళ్లుగా పంపిన నివేదికలు. దొంగతనం జరిగిందంటే పోయేది ఒక సర్జన్ మాత్రమే. సర్జన్లు ఇంకా వస్తారు.

"విచారణలో నిజం తేలుతుందిలే అమ్మా," అన్నారు ఆప్యాయంగా.

వసుమతి తన గదికి వచ్చి మెమోను మళ్లీ చదివింది. మూడోసారి చదువుతుంటే ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే నూకరత్నానికి కబురు పంపింది.

"నూకరత్నం, రేపు పొద్దున్న ఏమీ తినకుండా రా. సంచి తీసేస్తాను."

"మీకు మాటొస్తదేమోనండి?"

"చెయ్యకుండానే వచ్చింది. ఇంక చేస్తే రావడానికేముంది?"

"ఏ పేరున చేస్తారండి?"

"నీ పేరునే."

మర్నాడు తొమ్మిది గంటలకు నాలుగు చిన్న గాట్లు పెట్టి పిత్తాశయం తీసేసింది. లోపల పదిహేడు రాళ్లున్నాయి, శనగగింజలంతవి. థియేటర్లో ఎవరూ అడ్డం చెప్పలేదు. నర్సులు తలుపు దగ్గర నిలబడి ఎవరైనా వస్తారేమోనని చూశారు. మూడో రోజు నూకరత్నం నడుచుకుంటూ ఇంటికి పోయింది. పదిహేనో రోజు బండి తెరిచింది. ఆరు నెలల తర్వాత మొదటిసారి తన అట్టు తానే తిని, కాసేపు భయంగా కూర్చుంది. ఏమీ కాలేదు. కళ్ల నీళ్లొచ్చాయి. ఉల్లిపాయల వల్లనంది గంగరాజుతో.

విచారణ కోర్టుకు ఎదురుగా ఉన్న అతిథి గృహంలోనే జరిగింది. నూకరత్నాన్ని సాక్షిగా పిలిచి మళ్లీ స్కానింగ్ చేశారు. ఈసారి మూడు పేర్లకూ పిత్తాశయం కనబడలేదు.

"అప్పుడు మూడింట ఒకటి ఉన్నది. ఇప్పుడది కూడా లేదు. దీనికి తమ సంజాయిషీ?" అన్నాడు విచారణాధికారి.

"నేను ఆపరేషన్ చేశానని మీ మెమోలోనే ఉంది. అంటే రికార్డులో ఆపరేషన్ ఉంది, రోగిలోనే లేదు. ఆ తేడా సరిచేశాను," అంది వసుమతి.

అధికారి ఆ మాట యథాతథంగా రాసుకున్నాడు. నూకరత్నం వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పదలచుకున్నది ఏమైనా ఉందా అమ్మా?"

"ఉందండి. అబ్బులు గారని ఒకాయన ఉండేవాడు. ఆయన సంచి తియ్యలేదు. ఆయనతోనే పంపించారు, కాల్చేశాం. అది మీ లెక్కలో ఉన్నట్టా, లేనట్టా?"

గుమస్తా ఆ ప్రశ్న రాయాలా వద్దా అన్నట్టు అధికారి మొహం చూశాడు. అధికారి వద్దని తలూపాడు.

తీర్పు నెలకు వచ్చింది. దొంగతనం రుజువు కాలేదు. కాని 'రికార్డులను ముందస్తు అనుమతి లేకుండా వాస్తవముతో సరిపోల్చినందుకు' డాక్టర్ వసుమతిని కొండ మీద ఏజెన్సీలోని ముప్ఫై పడకల ఆస్పత్రికి బదిలీ చేశారు. అది శిక్ష. అక్కడికి సరైన రోడ్డు లేదు, సిగ్నల్ అందదు. ఉత్తర్వులన్నీ కంప్యూటర్లలోనే వస్తాయి కాబట్టి ఉత్తర్వులూ అందవు. పురుళ్ల కోసం కట్టిన థియేటర్ ఒకటి ఉంది. పాత పద్ధతిలో డొక్క కింద కోసి తీయడానికి అది చాలు.

నూకరత్నం ఎవరికీ ప్రచారం చేయలేదు. కోర్టుకొచ్చినవాళ్లు అట్టు తింటూ డొక్క పట్టుకుంటే మాత్రం వాళ్ల ఊరూ పేరూ అడిగి, స్కానింగ్ కాగితం ఉంటే చూసి, పొద్దున్న ఏడింటికి కొండ మీదికి పోయే బస్సు గురించి చెప్పేది. మొదట వారానికి ఇద్దరు ముగ్గురు ఎక్కేవాళ్లు. తర్వాత డ్రైవరే బస్సు కోర్టు ముందు ఆపడం మొదలుపెట్టాడు. వెళ్లినవాళ్లు వారం పదిరోజులకు సంచి లేకుండా దిగి, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు.

ఏడాది తిరిగేసరికి జిల్లా ఆస్పత్రికి ఆ జబ్బుతో వచ్చేవాళ్లు బాగా తగ్గిపోయారు. శాఖ ఆశ్చర్యపోలేదు. ఫలితం వస్తుందని వాళ్లకు ముందే తెలుసు. పిత్తాశయాలను కాపాడుకుంటూనే జబ్బును తరిమేసిన తొలి జిల్లాగా ప్రథమ బహుమతి ప్రకటించారు. పరాంకుశం గారికి శాలువా కప్పారు. పరిరక్షణాధికారి రాష్ట్రస్థాయికి వెళ్లాడు. ఇప్పుడాయన మూత్రపిండాల రాళ్ల మీద పుస్తకం రాస్తున్నాడట.

బహుమతి వచ్చిన పదిరోజులకు, ఒక ఉదయం, తెల్లకారు ఒకటి నూకరత్నం బండికి కాస్త ఎడంగా ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. అతను సూపరింటెండెంట్ గారి డ్రైవరని ఆమెకు తెలుసు. కారు అద్దాలు పైకెత్తి ఉన్నాయి. వెనక సీట్లో ఎవరో ముందుకు వంగి, తల ముందు సీటుకు ఆనించుకుని కూర్చున్నారు.

"కొండ మీదికి కారు వెళ్తుందాండి?" అన్నాడు గొంతు తగ్గించి.

"నెమ్మదిగా వెళ్తే వెళ్తది. కాలవ దాటాక రోడ్డు గతుకులు. నడుం కింద దిండు పెట్టుకోమను. నీళ్లు కూడా తాగొద్దని చెప్పు."

డ్రైవరు తలూపాడు. పోబోయి ఆగాడు. "అక్కడ కాగితాలేమన్నా కావాలాండి? ఎన్నోసారో రాయాలా? అయ్యగారు కనుక్కోమన్నారు."

నూకరత్నం కారు వైపు చూసింది. వెనక సీట్లో వంగిన ఆకారం ఇంకాస్త వంగింది. అలా వంగితే ఎంత నయంగా ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో ఆమెకు తెలుసు. నోటిదాకా వచ్చిన మాట ఆపేసుకుంది.

"ఏమీ అక్కర్లేదని చెప్పు. డాక్టరమ్మ నొప్పెక్కడ అని ఒక్కటే అడుగుద్ది. త్వరగా తీసుకుపో."